షోరూములో స్త్రీలు: బేరమా, హక్కా?

(స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం ఆస్తి హక్కు గురించీ, మనోవర్తి గురించీ, గృహహింస చట్టం గురించీ మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్య నాకిచ్చిన అంశం కాస్త వింతగా కనిపించవచ్చు. కొత్త కారు కొనేటప్పుడు డీలర్లు ధర మీద కలిపే అదనపు ఛార్జీలేమిటి, వాటి గురించి స్త్రీలు ఎలా మాట్లాడాలి అన్నది విషయం. "కారు కొనగలిగిన ఆవిడ గురించి మనకెందుకు బెంగ?" అని పొద్దున టీ తాగేటప్పుడు ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కారు ఇవాళ శ్రీమంతుల ఇంటి ముందు మాత్రమే కనిపించే వస్తువు కాదు. అప్పు తీసుకుని అయిదేళ్లో ఏడేళ్లో వాయిదాలు కట్టే టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగినులు కొంటున్నారు. బతుకుతెరువు కోసం టాక్సీయో ఆటోయో తీసుకుని తామే నడుపుకుంటున్న ఒంటరి స్త్రీలున్నారు. ఇక మన సంస్థలనే చూడండి. ఊళ్లు తిరగడానికి జీపు కొన్నప్పుడు సంతకం పెట్టేది మనలో ఒకరే, ఆడిటరు ముందు లెక్క చెప్పాల్సిందీ మనమే. స్కూటరు కొన్నా బిల్లులో దాదాపు ఇవే పద్దులు చిన్న అంకెలతో ఉంటాయి. కాబట్టి ఈ మాటలు కారుకి మాత్రమే వర్తించేవి కావు.

దీనికంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. కూరగాయల దగ్గరా చీరల దగ్గరా బేరమాడే ఆడవాళ్లని చూసి మన సినిమాలూ కార్టూన్లూ దశాబ్దాలుగా నవ్విస్తున్నాయి. అదే ఆడమనిషి ఇల్లో, పొలమో, వాహనమో కొనే చోటికి వచ్చేసరికి "ఆవిడకేం తెలుసు, మగవాళ్లెవరైనా వస్తే మాట్లాడదాం" అంటారు. రూపాయి దగ్గర బేరం చేతనైన మనిషికి లక్ష దగ్గర చేతకాకుండా పోతుందా? టమాటా నిన్న ఎంతో, పక్క బండి దగ్గర ఎంతో ఆమెకు తెలుసు. రైతుబజారులో అయితే ధర బోర్డు మీదే రాసి ఉంటుంది. షోరూములో కారు ధర ప్రకటనలో కనిపిస్తుంది గానీ, దాని మీద పడే పద్దుల బోర్డు ఎక్కడా ఉండదు. ఆ బోర్డు లేకపోవడమే ఈరోజు నా విషయం.

ఇది స్త్రీల స్వభావానికి సంబంధించిన లోపం కాదని చెప్పడానికి ఒక పరిశోధన ప్రస్తావిస్తాను. 1991లో ఇయాన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర పరిశోధకుడు హార్వర్డ్ లా రివ్యూలో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలో చికాగో ప్రాంతంలోని 90 మంది కార్ల డీలర్ల దగ్గరికి తెల్లజాతి, నల్లజాతి స్త్రీ పురుషులను కొనుగోలుదారులుగా పంపారు. అందరికీ ఒకే శిక్షణ ఇచ్చారు. ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఎంత అడగాలో అందరికీ ఒకటే పాఠం. అయినా తెల్లజాతి పురుషుడికి చెప్పిన ధరలో డీలరు లాభం ఎంత ఉందో, తెల్లజాతి స్త్రీకి చెప్పిన ధరలో అది 40 శాతం ఎక్కువ ఉంది. నల్లజాతి పురుషుడికి రెట్టింపు దాటింది. నల్లజాతి స్త్రీకి మూడు రెట్లు దాటింది. 1995లో పీటర్ సీగెల్‌మన్‌తో కలిసి ఆయన ఇంకా పెద్ద నమూనాతో ప్రచురించిన అధ్యయనంలో ఈ వరస మారింది. నల్లజాతి పురుషులకు అందరికంటే ఎక్కువ ధర చెప్పారని, తెల్లజాతి స్త్రీల విషయంలో తేడా తక్కువని తేలింది. నల్లజాతి వారికి ఎక్కువ ధర చెప్పడం మాత్రం రెండిట్లోనూ స్పష్టంగా ఉంది.

ఇందులో మనం గమనించాల్సినవి రెండు. అందరూ ఒకే మాటలు మాట్లాడారు, బేరం అందరికీ ఒకేలా వచ్చు, అయినా ధర మారింది. అంటే ఎదుటివాడు మాటను వినకముందే మనిషిని చూసి లెక్క వేసుకున్నాడు. రెండోది, మొదటి అధ్యయనంలో చాలాసార్లు ఏ జాతి, ఏ లింగం వాళ్లు వస్తే అదే జాతి, అదే లింగం ఉద్యోగి దగ్గరికి పంపారు. అలా పంపినప్పుడు ధర ఇంకా అన్యాయంగా వచ్చింది. కాబట్టి "అమ్మేది కూడా ఆడపిల్లే కదా, మోసం చేయదు" అనుకోవడానికి వీల్లేదు. ఆ అమ్మాయి చెడ్డదని నేననడం లేదు. నెలనెలా ఇన్ని ఇన్సూరెన్సులు, ఇన్ని యాక్సెసరీలు అమ్మాలన్న టార్గెట్ ఆమె నెత్తిన ఉంటుంది. ఆమె జీతం దానికి ముడిపడి ఉంటుంది. మన తగాదా ఆమెతో కాదు, ఆ పద్ధతితో.

మన దగ్గర చర్మం రంగు చేసే పనిని కట్టూ బొట్టూ, మాట యాస, ఇంటిపేరు, ఏ బండి మీద వచ్చామన్నదీ చేస్తాయి. ఒంటరిగా వెళ్లిన స్త్రీని మొదట అడిగే ప్రశ్న మీకందరికీ తెలిసిందే: "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" పక్కన మగవాడుంటే, అతను డ్రైవరైనా సరే, ఇంజను గురించీ ధర గురించీ అతనితో మాట్లాడతారు. మనతో రంగుల గురించి మాట్లాడతారు.

ఇంకో అధ్యయనం కూడా చెప్పి ముందుకు వెళతాను. 2013లో మేఘన్ బుస్సే, ఆయెలెట్ ఇజ్రాయెలీ, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ అమెరికాలోని మరమ్మతు షాపులకు స్త్రీ పురుషుల చేత ఫోన్లు చేయించి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందో అడిగించారు. ధర తెలియనట్టు అడిగితే స్త్రీలకు ఎక్కువ చెప్పారు. "ఇంత అవుతుందని విన్నాను" అని ఒక అంకె చెప్పి అడిగినప్పుడు స్త్రీ పురుషుల మధ్య తేడా లేకుండా పోయింది. తగ్గించమని అడిగినప్పుడు స్త్రీలకే ఎక్కువసార్లు తగ్గించారు. ఒక్క అంకె తెలిసి ఉండటం ఎంత పని చేస్తుందో చూడండి.

కాబట్టి ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి వద్దాం. కారు ధర అనగానే మనకు రెండు మాటలు వినిపిస్తాయి: ఎక్స్ షోరూం ధర, ఆన్ రోడ్ ధర. ఈ రెండిటి మధ్య ఉన్న సందులోనే వ్యవహారమంతా జరుగుతుంది. ఆ సందులో ఉన్న పద్దులను మూడు రకాలుగా విడదీసి చూడమని మీకు నా సలహా.

మొదటి రకం ప్రభుత్వానికి పోయేవి. జీఎస్టీ ఎక్స్ షోరూం ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద అది 18 శాతానికి తగ్గింది, పెద్ద కార్ల మీద 40 శాతం. ఆ పైన లైఫ్ టాక్స్ ఉంది. కారు ధరను బట్టి ఎంత శాతమో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రిజిస్ట్రేషన్ రుసుము, 2016 చివర్లో సవరించిన కేంద్ర నియమాల ప్రకారం, సొంత కారుకి 600 రూపాయలు. అప్పు మీద కొంటే హైపోథికేషన్ నమోదుకి మరో 1,500. కార్డుకీ సర్వీసుకీ రాష్ట్రం వేసే చిన్న మొత్తాలు వేరే. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. ఈ రకంలో బేరం లేదు, రసీదు మాత్రం ఉంది. "రిజిస్ట్రేషన్ ఖర్చులు" అని వేలల్లో ఒకే అంకె వేస్తే, అందులో ప్రభుత్వానికి కట్టింది ఎంత, రసీదు ఏదీ అని అడగాలి.

రెండో రకం మన ఇష్టం మీద ఆధారపడినవి. వీటిలో పెద్దది ఇన్సూరెన్సు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం ప్రకటించినదే కాబట్టి ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. కారుకి జరిగే నష్టానికి చేసే బీమా ప్రీమియం మాత్రం కంపెనీకో రకంగా ఉంటుంది. డీలరు దగ్గరే తీసుకోవాలన్న బలవంతం చెల్లదని బీమా నియంత్రణ సంస్థ 2017లో డీలర్ల కోసం చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బయట రెండు చోట్ల అడిగి, కారుకి కట్టిన విలువా అదనపు కవర్లూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని పోల్చండి. "ఇన్సూరెన్సు ఇక్కడ తీసుకుంటేనే డిస్కౌంటు" అంటే, రెండు దారుల్లోనూ మొత్తం ఎంతవుతుందో కూడి చూసుకోండి. యాక్సెసరీల కిట్టు, పైపూత, పొడిగించిన వారంటీ కూడా ఈ రకంలోవే. ఇవి లేకుండా కారు రిజిస్టరు కాదని ఎవరైనా అంటే అది అబద్ధం.

మూడో రకం హ్యాండ్లింగ్ ఛార్జీ. కొన్ని చోట్ల లాజిస్టిక్స్ అంటారు, కొన్ని చోట్ల ఫెసిలిటేషన్ అంటారు. గోడౌను నుంచి బండి తెచ్చినందుకు, కడిగినందుకు, ఆర్టీఏ పని చేసిపెట్టినందుకు అని కారణాలు చెబుతారు. మోటారు వాహనాల చట్టంలోగానీ కేంద్ర నియమాల్లోగానీ ఈ పేరుతో ఏ రుసుమూ లేదు. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసే బాధ్యతను 2019 సవరణ డీలరు మీదే పెట్టింది. బండిని అమ్మదగిన స్థితిలో ఇవ్వడం అమ్మేవాడి పని. దానికి లాభం ఎక్స్ షోరూం ధరలోనే ఉంది. పలు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ వసూలు మీద డీలర్లను హెచ్చరించాయి కూడా. అయినా కొటేషన్లలో ఈ పద్దు కనిపిస్తూనే ఉంది.

ఇవన్నీ కలిస్తే ఎంతవుతుందో ఒక ఊహా లెక్క వేద్దాం. హ్యాండ్లింగ్ 8 వేలు, బీమాలో తేడా 12 వేలు, అడగని యాక్సెసరీలు 15 వేలు, ఫైనాన్సు ఫైలు పేరుతో 5 వేలు. మొత్తం 40 వేలు. దీన్ని కూడా అప్పులోనే కలిపితే, 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు నెలకు సుమారు 830 రూపాయలు. చివరికి కట్టేది దాదాపు 50 వేలు. ఏ చట్టమూ అడగని, ఆమె కోరుకోని డబ్బు ఇది.

నిరుడు ఒక స్నేహితురాలితో కలిసి షోరూముకి వెళ్లాను. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ కింద 8,500 ఉంది. ఇదేమిటని ఆమె అడిగింది. "అందరి దగ్గరా తీసుకుంటాం మేడమ్, కంపెనీ రూలు" అన్నాడు కుర్రాడు. "సరే బాబూ, ఏ రూలు కింద తీసుకుంటున్నారో మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టివ్వండి. డబ్బు కడతాను" అంది ఆమె. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కుర్రాడు మేనేజరు గదిలోకి వెళ్లాడు. అరగంట తర్వాత కొత్త కాగితం తెచ్చాడు. హ్యాండ్లింగ్ 8,500 అలాగే ఉంది. దాని కింద "మేనేజరు ప్రత్యేక రాయితీ 8,500" అని రాసి తీసేశారు. నా స్నేహితురాలికి డబ్బు మిగిలింది. కానీ ఆ కాగితాన్ని ఒక్కసారి చూడండి. తీసుకోకూడని డబ్బు తీసుకోకుండా ఉండటం వాళ్ల దయ అయింది. ఆమె హక్కు రాయితీ అయింది. ఆమె వెనక వచ్చిన స్త్రీ కొటేషన్‌లో ఆ పద్దు యథాతథంగా ఉంటుంది. ఒంటరి బేరానికి ఉన్న పరిమితి ఇదే.

అప్పు గురించి, పేరు గురించి కొంచెం చెప్పాలి. మన కుటుంబాల్లో భార్యకి ఉద్యోగం ఉంటే ఆమెను సహ దరఖాస్తుదారుగా పెట్టి అప్పు తీసుకుంటారు. కారు భర్త పేరు మీద ఉంటుంది. చట్టం దృష్టిలో ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. వాయిదాలు ఆగితే బ్యాంకు మాత్రం ఇద్దరినీ పట్టుకుంటుంది. అప్పులో భాగం ఉండి ఆర్సీలో పేరు లేని ఈ స్థితి, మనం భూమి విషయంలో ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్న స్థితికి చెల్లెలే. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కారు ఆమె పేర కొంటారు, నడిపేది ఆయన. సంతకాలు పెట్టిన ఆమె ఇన్వాయిస్ కూడా చూడదు. టీసీఎస్ ఆమె పాన్ మీద జమ అవుతుంది. ఆమె రిటర్ను వేస్తే అది పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. ఆ డబ్బు తనదేనని ఆమెకు ఎవరైనా చెప్పాలి కదా. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలు కూడా వచ్చింది. ఆ గడి ఖాళీగా వదలకండి.

అప్పు డీలరు కుదిర్చినదైతే, ఫైనాన్సు సంస్థ నుంచి అతనికి కమిషన్ ఉంటుంది. అందుకని మన జీతం పడే బ్యాంకులో కూడా అడగాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులన్నిటికీ, వడ్డీతో పాటు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక పట్టికలో రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పట్టిక చూశాకే సంతకం.

ఆచరణలో ఏం చేయాలి? బుకింగ్ డబ్బు కట్టకముందే పద్దుపద్దుగా రాసిన కొటేషన్, తేదీతో, స్టాంపుతో తీసుకోండి. ఇంకో డీలరు దగ్గర కూడా తీసుకోండి. ఇంట్లో కూర్చుని మూడు రంగులతో మూడు రకాల పద్దులకీ గీతలు గీయండి. మొదటిదానికి రసీదు, రెండోదానికి "వద్దు" అనే వీలు, మూడోదానికి రాతపూర్వక కారణం అడగండి. "ఇవాళ సాయంత్రం లోపల చెప్పాలి" అని తొందరపెడితే లేచి వచ్చేయండి. డబ్బు చేతికి ఇవ్వకుండా సంస్థ ఖాతాకే పంపండి. ఒక్కరే వెళ్లకండి. మగతోడు గురించి కాదు నేను చెప్పేది, సాక్షి గురించి. ఒక స్నేహితురాలు పక్కన కూర్చుని కాగితం మీద రాసుకుంటూ ఉంటే మాట తీరే మారిపోతుంది.

డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే? బిల్లు ఉంటే దారి ఉంది. ముందు డీలరుకి ఉత్తరం రాసి వాపసు అడగాలి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫిర్యాదు చేయవచ్చు. డీలరుకి ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది రవాణా శాఖే కాబట్టి అక్కడికీ ఫిర్యాదు పంపాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. షోరూము ఉన్న ఊరికి పోనక్కర్లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము అయిదు నుంచి పది లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలు. ఇంకో మాట, టాక్సీ, ఆటో కొన్న స్త్రీలతో "మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారులు కారు" అంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవాళ్లు వినియోగదారులేనని ఆ చట్టంలోనే వివరణ ఉంది. ఇది మన సభ్యులకు తప్పకుండా చెప్పండి.

విదేశాల్లో అయితే చట్టం ఇంకా గట్టిగా ఉంటుందని కొందరి నమ్మకం. అమెరికాలో ఉంటున్న మన తెలుగు అమ్మాయిలను అడగండి. అక్కడ దీన్ని డాక్యుమెంట్ ఫీజు అంటారు. కొన్ని రాష్ట్రాల్లో దానికి పరిమితి ఉంది, కొన్నిట్లో లేదు. కార్ల అమ్మకాల్లో దాచిన ఛార్జీలను అరికట్టడానికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం చేసింది. డీలర్ల సంఘాలు కోర్టుకి వెళ్లాయి. అది అమల్లోకి రాకముందే 2025 జనవరిలో అప్పీలు కోర్టు కొట్టేసింది. డీలర్లకు సంఘాలున్నాయి. కొనేవాళ్లు మాత్రం ఒక్కొక్కరుగా, ఒక్కొక్క బల్ల ముందు కూర్చుంటున్నారు.

అందుకని చివరగా ఒక ప్రతిపాదన. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో చేరిన ఆడవాళ్లు సారా లెక్క విప్పి చూసి ఉద్యమంలోకి వచ్చారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటానికీ కారు కొటేషన్‌కీ పోలిక పెట్టేంత సాహసం చేయను. కానీ లెక్కని నలుగురిలో పెట్టి చదవడం అనే పద్ధతి మనకు అక్కడి నుంచి వచ్చినదే. గత రెండు మూడేళ్లలో మన సభ్యులు, మన సంస్థలు కొన్న స్కూటర్లు, ఆటోలు, కార్ల కొటేషన్లూ బిల్లులూ సేకరిద్దాం. పేర్లు తీసేసి ఒక బల్ల మీద పరుద్దాం. ఒకే షోరూములో, ఒకే బండికి, ఒకే నెలలో ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో వరసగా రాద్దాం. ఆ పట్టికతో రవాణా శాఖ దగ్గరికి పది మందిమి కలిసి వెళదాం. ప్రతి షోరూములో, ఏ పద్దు తప్పనిసరో ఏది కాదో తెలుగులో బోర్డు పెట్టించమని అడుగుదాం.

వచ్చే సమావేశానికి వచ్చేటప్పుడు మీ సంచిలో కనీసం ఒక బిల్లు తెచ్చుకోండి. నేను నాది తెస్తాను.